కరిచిన కుక్కకు విచారణ



సూరత్ నగరంలో పాండేసర పారిశ్రామికవాడకు దగ్గరగా వడోద్ అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడది ఊరు, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. చుట్టూ సాంచాల ఖార్ఖానాలు, అద్దకం మిల్లులు, కార్మికుల ఇరుకు గదులు. సూరత్ అనగానే మనకు పరాయి ఊరు అనిపించవచ్చు గానీ, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా సాంచాల పని చేస్తున్నాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. ఈ పాఠం చదివేవారిలో ఆ బడుల పిల్లలూ ఉండవచ్చు.

అలాంటి వాడలో రాత్రి పాళీ దిగి ఇంటికి వస్తున్న ఒక కార్మికుణ్ణి సందు మలుపులో కుక్క కరిచిందనుకోండి. తెల్లవారగానే నగరపాలక సంస్థకు ఫిర్యాదు వెళుతుంది. బండి వస్తుంది, కుక్కను పట్టుకుపోతుంది. మరి ఆ తర్వాత? చంపేస్తారని కొందరనుకుంటారు. ఎక్కడో దూరంగా వదిలేస్తారని మరికొందరనుకుంటారు. చట్టం ఈ రెంటికీ ఒప్పుకోదు. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలన్నది మన దేశంలో 2001 నుంచి ఉన్న నియమం. అయితే ఆ నియమంలోనే ఒక చిక్కు ఉంది. కుక్కకు రేబిస్ లేదు, కానీ అది మళ్లీ కరుస్తుందేమోనని భయంగా ఉంది. అప్పుడేం చేయాలి? దాన్ని మార్చవచ్చా? మార్చవచ్చో లేదో ఎవరు తేల్చాలి, ఏం చూసి తేల్చాలి?

ఈ ప్రశ్నకు సుమారు 200 ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఎక్కువ కాలం ఈ ప్రశ్నను అడిగినవారే లేరు.

సూరత్ నుంచే మొదలుపెడదాం. 1689లో ఓడెక్కి బయలుదేరిన జాన్ ఓవింగ్టన్ అనే ఆంగ్లేయ మతాచార్యుడు ఈ రేవుపట్నానికి వచ్చాడు. 1696లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఒక వింత సంగతి రాశాడు. ఊరికి కొద్ది దూరంలో వర్తకులు నడిపే పెద్ద ఆసుపత్రి ఒకటి ఉందట. అది మనుషులకు కాదు. ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కల వంటి జంతువులకు. ముసలివి, కుంటివి, జబ్బుపడినవి అక్కడ చేరేవి. ఇలాంటి చోట్లనే గుజరాత్‌లో పాంజ్రాపోల్ అంటారు. జైన, వైష్ణవ వర్తక సంఘాలు తమలో తాము చందాలు వేసుకుని వీటిని పోషించేవి. జంతువులకు వైద్యం అనే ఆలోచన అంతకన్నా ఎంతో పాతది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్న అశోకుని శాసనాల్లో రెండో శిలాశాసనం మనుషులతో పాటు పశువుల చికిత్స గురించి కూడా చెబుతుంది.

పాంజ్రాపోల్‌లో చేరిన కుక్క మంచిదా చెడ్డదా అని ఎవరూ పరీక్షించలేదు. ప్రాణం ఉంటే చాలు, చోటు దొరికేది. దయకు తూకం వేయకపోవడం గొప్ప సంగతే. కానీ కరిచే కుక్కను, కరవని కుక్కను విడదీసి చూసే పని ఆ దయలో లేదు.

ఇక్కడ తెలుగువారికి బాగా తెలిసిన కథ ఒకటి గుర్తుచేయాలి. నన్నయ భారతం ఆదిపర్వంలో సరమ అనే దేవశునకం వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దాని పిల్ల ఆడుకుంటూ వెళితే, రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టి తరుముతారు. అది ఏ తప్పూ చేయలేదు. సరమ నేరుగా రాజసభకు వచ్చి నిలదీస్తుంది. ఆమె ఫిర్యాదు దెబ్బ తగిలిందని మాత్రమే కాదు, తప్పు ఉందో లేదో విచారించకుండా కొట్టారని. మన సాహిత్యంలో ఒక కుక్క తరఫున ఇంత స్పష్టంగా విచారణ కోరిన ఘట్టం మరొకటి నాకు తోచదు.

సరమ అడిగినది 1832లో బొంబాయి వీధుల్లో ఎవరికీ వినపడలేదు. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఊరకుక్కలను నిర్మూలించాలని ఉత్తర్వు ఇచ్చింది. చంపిన ఒక్కో కుక్కకు 8 అణాల బహుమానం. ఆ రోజుల్లో 8 అణాలంటే చిన్న మొత్తం కాదు. డబ్బుకోసం కుక్కలవాళ్లు వీధికుక్కలనే కాక ఇళ్ల ముందు పడుకున్న పెంపుడు కుక్కలను కూడా కొట్టి చంపారు. పార్సీలకు కుక్క పవిత్రమైనది. చనిపోయినవారి దేహాన్ని కుక్క చేత చూపించే ఆచారం వారి అంత్యక్రియల్లో ఉంది. బొంబాయి పార్సీల్లో చాలామంది సూరత్, నవసారి ప్రాంతాల నుంచి వలస వచ్చినవారే. జూన్ 6న వాళ్లు వీధుల్లోకి వచ్చారు. వారితో హిందువులు, జైనులు, కొందరు ముస్లింలు కూడా కలిశారు. అంగళ్లు మూతపడ్డాయి. కోటలో ఉన్న సైనికులకు సరుకులు అందడం కూడా ఆగింది. చివరకు సైన్యాన్ని దించి అల్లర్లను అణిచారు.

ఆ తరువాత రాజీ కుదిరింది. 1834లో జంషెడ్జీ జీజీభాయ్, అమీచంద్ షా అనే ఇద్దరు వర్తక ప్రముఖులు బొంబాయిలో పాంజ్రాపోల్ నెలకొల్పారు. చంపాలనుకున్న కుక్కలకు అక్కడ ఆశ్రయం దొరికింది. సూరత్ వర్తకుల పాత సంప్రదాయం కొత్త మహానగరంలో ఇలా వేరూనింది. ఈ గొడవను సాధారణంగా మతభావాలకు, వలసపాలనకు మధ్య జరిగిన ఘర్షణగా చెబుతారు. అది నిజమే. మన ప్రశ్న వైపు నుంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. ప్రభుత్వం కుక్కలన్నిటినీ చంపమంది, ప్రజలు కుక్కలన్నిటినీ కాపాడమన్నారు. ఈ ఒక్క కుక్క సంగతేమిటని ఇటూ అడగలేదు, అటూ అడగలేదు.

ప్రభుత్వానికి అంత తొందర ఎందుకు? పిచ్చికుక్క భయం వల్ల. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం, ఈనాటికీ అంతే. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తన టీకా వేయించేదాకా వైద్యుల చేతిలో ఏమీ లేదు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వచ్చాయి. తెలుగు జిల్లాల నుంచి కుక్క కరిచినవారిని రైలెక్కించి నీలగిరుల్లోని కూనూరుకు పంపిన కాలం అది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో తయారయ్యే టీకా రూపొందించాడు. మీ తాతల్ని అడిగితే చెబుతారు: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు! ఆ టీకాతో కొందరికి పక్షవాతం వంటి ప్రమాదాలు వచ్చేవి. దాని వాడకాన్ని మన దేశంలో 2004-05 నాటికి ఆపేశారు. ఇప్పుడు జంతుకణాల వర్ధనంలో తయారైన టీకాలను భుజానికి వేస్తారు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేసే అభయ్‌రాబ్ వాటిలో ఒకటి. నారాయణగూడ ఐపీఎం పేరు హైదరాబాదులో కుక్క కరిచిన ప్రతి ఇంటికీ తెలుసు.

రేబిస్ వైద్యం నుంచే మనకు ఒక ముఖ్యమైన పద్ధతి వచ్చింది. కరిచిన కుక్కను చంపకుండా పది రోజులు కట్టి ఉంచి చూడటం. ఇందులో కిటుకు ఏమిటో గమనించండి. రేబిస్ వైరస్ గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. మెదడుకు చేరాకే అక్కడి నుంచి లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. కుక్క లాలాజలంలో వైరస్ ఉన్నదంటే, దాని మెదడు అప్పటికే దెబ్బతింటున్నదని అర్థం. అలాంటి కుక్క కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. పది రోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేదన్నమాట. అంతవరకు ఆగి టీకా వేయించుకోవాలని కాదు. టీకా కరిచిన రోజే మొదలుపెట్టాలి. నా ఉద్దేశంలో కరిచిన కుక్కకు జరిగిన మొదటి విచారణ ఇదే. జాతిని బట్టి కాదు, వీధిని బట్టి కాదు, ఆ ఒక్క కుక్కను పది రోజులు చూసి చెప్పిన తీర్పు.

కానీ ఆ పది రోజులు ఒక్క ప్రశ్నకే జవాబిస్తాయి. పిచ్చి ఉందా లేదా అని. స్వభావం గురించి ఏమీ చెప్పవు. పదకొండో రోజున బోను తలుపు తెరిచినప్పుడు అసలు సమస్య బయటికి వస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలాకాలం మన పురపాలక సంఘాలు కుక్కలను చంపుతూనే వచ్చాయి. ఇనుప పటకారులు, విషం కలిపిన మాంసం, కరెంటు పెట్టెలు. ఇన్ని చేసినా కుక్కలు తగ్గలేదు. చెత్తకుప్పలో తిండి ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి పక్కవీధి కుక్కలు వస్తాయి. బతికిన ఆడకుక్కల పిల్లలకు పోటీ తగ్గి ఎక్కువ బతుకుతాయి. మద్రాసులో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ, చంపడానికి బదులు ఆపరేషన్లు చేయమని పోరుతూ వచ్చింది. చంపడం వల్ల లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తన మార్గదర్శకాల్లో చెప్పింది. మద్రాసు నగరపాలక సంస్థ 1996లో ఆ దారికి వచ్చింది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల బ్లూక్రాస్‌ను ప్రారంభించారు. 2001 డిసెంబరులో కేంద్రం కుక్కల సంతాన నియంత్రణ నియమాలు జారీచేసింది. 2023 మార్చిలో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి.

2001 నియమాల్లో ఒక చిన్న వాక్యం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. కరిచిన కుక్కకు రేబిస్ లేదని తేలి, వేరే జబ్బో కోపస్వభావమో ఉంటే, దాన్ని జంతుసంక్షేమ సంస్థకు అప్పగించాలి. ఆ సంస్థ దానికి చికిత్స చేసి, పునరావాసం కల్పించాలి. ఇంతే. చికిత్స అంటే ఏమిటి, ఎన్నాళ్లు, ఎవరి ఖర్చుతో, పునరావాసం సాధ్యం కాకపోతే ఏం చేయాలి అనే మాటలు అందులో లేవు. మంచి మనసుతో రాసిన వాక్యమే, కానీ దాని వెనక కుక్కలను ఉంచే బోనూ లేదు, శిక్షకుడూ లేడు.

కోపస్వభావం అనే మాటను కాస్త విప్పి చూద్దాం. కుక్క ఎందుకు కరుస్తుంది? చాలాకాలం దీనికి వాడుకలో ఉన్న జవాబు ఆధిపత్యం. కుక్క తోడేలు సంతతిది, తోడేళ్ల గుంపులో నాయకుడుంటాడు, కాబట్టి కుక్కను లొంగదీస్తేనే మాట వింటుంది అన్నారు. ఈ ఊహ ఎక్కడిదో చూడండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండులోని బాసెల్ జంతుశాలలో బంధించిన తోడేళ్లను పరిశీలించి రాసిన వ్యాసం దీనికి మూలం. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒక ఆవరణలో పెడితే కొట్టుకున్నాయి, ఒకటి పైచేయి సాధించింది. 1970లో డేవిడ్ మెక్ రాసిన పుస్తకం ఈ భావనకు ప్రచారం తెచ్చింది. ఆ మెక్ తానే అడవిలో ఏళ్ల తరబడి తోడేళ్లను చూసి, 1999లో దాన్ని సరిదిద్దాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే ఒక తల్లి, తండ్రి, వాటి పిల్లలు. యుద్ధం గెలిచిన నాయకుడంటూ అక్కడ ఎవరూ లేరు. కానీ కర్రతో కుక్కను లొంగదీసే పద్ధతి మాత్రం ఈనాటికీ పోలేదు. పుస్తకంలో తప్పు దిద్దినంత తేలిగ్గా చేతి అలవాటు మారదు.

కరవడానికి అతి సామాన్యమైన కారణం భయం. తరువాతివి పిల్లల రక్షణ, తిండి దగ్గర పోటీ, ఒంట్లో నొప్పి, తన చోటు అనుకున్న జాగాలోకి కొత్తవాళ్లు రావడం, పరిగెత్తేవాటి వెంట పడే వేటబుద్ధి. ఒకే కాటు వెనక ఇన్ని కారణాల్లో ఏదైనా ఉండవచ్చు, ఒక్కో కారణానికి మందు వేరు. పిల్లల్ని పెట్టిన తల్లికుక్క కరిస్తే, పిల్లలు పెద్దవయ్యాక ఆ కోపం దానంతటదే పోవచ్చు. చెవిలో పుండు ఉన్న కుక్క కరిస్తే పుండు మానాలి. కారణమేదీ కనిపించకుండా, హెచ్చరిక లేకుండా కరిచే కుక్క సంగతి వేరు.

భయం ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికాలో బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి పరిశీలించి 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఎవరిని చూస్తుందో, ఎవరి చేతిని ఎరుగుతుందో, వాళ్లనే జీవితాంతం తనవాళ్లుగా చూస్తుందని వారు గుర్తించారు. అక్కడే చేసిన మరో ప్రయోగంలో పద్నాలుగు వారాల దాకా మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లలు అడవి జంతువుల్లా తయారయ్యాయి. స్వభావంలో వారసత్వం కూడా ఉంది. 1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ నోవోసిబిర్స్క్‌లో నక్కలతో ప్రయోగం మొదలుపెట్టాడు. మనిషికి భయపడనివాటినే ఎంచి కలుపుతూ పోతే, కొద్ది తరాల్లోనే తోక ఊపే నక్కలు పుట్టాయి. కోపిష్ఠివాటిని ఎంచి కలిపిన వరుసలో కోపిష్ఠివే పుట్టాయి.

ఇవన్నీ దూరదేశపు సంగతులనుకోకండి. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం మన వీధికుక్కల మీదనే పనిచేస్తోంది. 2016లో వారు ప్రచురించిన అధ్యయనంలో వీధిలో పుట్టిన పిల్లల్లో ఐదింట నాలుగు పెద్దవి కాకముందే చనిపోతున్నాయని, ఆ చావుల్లో సగానికి పైగా మనుషుల వల్లనేనని తేలింది. 2017లో మరో సంగతి చెప్పారు. కొత్త మనిషిని నమ్మడానికి వీధికుక్కకు తిండికన్నా నిమరడం ఎక్కువ పనిచేసింది. వడోద్ వంటి వాడలో ఒక ఈత పిల్లల్ని తీసుకోండి. మూడు నుంచి పన్నెండు వారాల మధ్య వాటికి ఎదురైనది అన్నం పెట్టే చేయా, రాయి విసిరే చేయా అన్నదాని మీద రెండేళ్ల తర్వాత సందు మలుపులో జరగబోయేది కొంత ఆధారపడి ఉంటుంది.

ఇక పెద్దయిన, కరవడం అలవాటైన కుక్కను మార్చవచ్చా? దీనికి ప్రపంచం చూసిన పెద్ద పరీక్ష 2007లో అమెరికాలో జరిగింది. మైకేల్ విక్ అనే పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడి స్థలంలో, వర్జీనియా రాష్ట్రం సరీ కౌంటీలో, కుక్కల పందేలు నడుస్తున్నాయని ఏప్రిల్‌లో పోలీసులు సోదా చేశారు. యాభై దాకా పిట్‌బుల్ కుక్కలు దొరికాయి. పందెం కుక్కలు దొరికితే అన్నిటినీ చంపేయడమే అప్పటిదాకా ఆనవాయితీ. పేరున్న జంతుసంక్షేమ సంస్థలు కొన్ని కూడా అదే మంచిదన్నాయి. 1832 నాటి ఆలోచనే ఇది: ఈ రకం కుక్కలు, కాబట్టి అన్నీ.

ఈసారి మాత్రం ప్రభుత్వ న్యాయవాదులు, కోర్టు వేరే దారి పట్టారు. స్టీఫెన్ జావిస్టోవ్‌స్కీ నాయకత్వంలో నిపుణుల బృందం 49 కుక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. తిండిగిన్నె దగ్గర కృత్రిమ చేయి పెట్టి చూశారు, చిన్నపిల్లంత బొమ్మను దగ్గరకు తెచ్చి చూశారు, మరో కుక్కను ఎదుట నిలిపి చూశారు. ఫలితం చాలామంది ఊహించనిది. వాటిలో ఎక్కువభాగం మనుషుల మీద దూకేవి కావు, మనిషిని చూస్తే నేలకు అతుక్కుపోయి వణికేవి. మనిషి పట్ల తీవ్రమైన దూకుడు కారణంగా ఒక్కదాన్నే కారుణ్యమరణానికి పంపారు. న్యాయశాస్త్ర ఆచార్యురాలు రెబెక్కా హస్‌ను కోర్టు ఈ కుక్కల సంరక్షకురాలిగా నియమించింది. ఏ కుక్క ఎక్కడికి వెళ్లాలో ఆమె సిఫారసు చేశారు. కొన్ని నేరుగా పెంపుడు ఇళ్లకు వెళ్లాయి. 22 కుక్కలు యూటా రాష్ట్రంలోని కనాబ్ దగ్గర ఉన్న ఆశ్రమానికి వెళ్లాయి. వాటిలో కొన్ని కొన్నేళ్లకు ఇళ్లు చేరాయి. లియో అనే కుక్క కేన్సర్ రోగుల దగ్గర ఊరటనిచ్చే పనికి కూడా వెళ్లింది.

కనాబ్ వెళ్లిన వాటిలో రెండు కుక్కల కథ ఇంకా ముఖ్యం. లూకాస్ పందేల్లో గెలిచినది, మెరిల్ భయంతో మనుషుల మీదికి వచ్చేది. ఈ రెండూ బతికినన్నాళ్లూ ఆశ్రమం దాటరాదని కోర్టు ఆదేశించింది. మెరిల్ తనకు తెలిసిన కొద్దిమందితో ఎంతో చనువుగా బతికింది. కొత్తవాళ్ల మధ్యకు మాత్రం వదలలేదు. అంటే బాగుపడుతుందా లేదా అన్న ప్రశ్నకు రెండే జవాబులు లేవు. కొన్ని ఇంటికి పోగలవు. కొన్ని కాపలాలో మాత్రమే మర్యాదగా బతకగలవు. ఏదో ఒకటి ఏ దారికీ రాదు. ఎన్ని ఏ గుంపులో పడతాయో ముందుగా చెప్పలేం. ఒక్కొక్కదాన్ని చూసే తేల్చాలి. ఈ పనికి డబ్బు కూడా కావాలి. నిందితుడి చేతే 9 లక్షల డాలర్లకు పైగా కోర్టు కట్టించింది.

బాగుచేసే పద్ధతిలో మాయ ఏమీ లేదు. పావ్లోవ్ కుక్కల మీద చేసిన పరిశోధనలే దీనికి పునాది. భయపెట్టే వస్తువును కుక్క తట్టుకోగలిగినంత దూరంలో ఉంచి, అది కనిపించినప్పుడల్లా ఇష్టమైన తిండి ఇస్తారు. రోజులు, వారాలు గడిచేకొద్దీ దూరం తగ్గిస్తారు. కుక్క గుర్రుమంటే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడతారు. గుర్రుమన్నందుకు కొట్టకూడదు. గుర్రుమనడం, పళ్లు చూపడం, కదలకుండా బిగుసుకుపోవడం హెచ్చరికలు. కొట్టి హెచ్చరిక మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక లేని కాటు మిగులుతుంది. ఎద్దుకు కట్టే చిక్కం వంటిది కుక్క మూతికీ తొడుగుతారు. అది శిక్ష కాదు, నేర్చుకునే కాలంలో అందరికీ రక్షణ.

ఇంతవరకు చెప్పినది విని ప్రతి కుక్కనూ మార్చవచ్చని అనుకోకండి. కాటు తీవ్రతకు ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు ఆరు మెట్ల కొలత ఇచ్చాడు. పళ్లు తగలకుండా మీదికి వచ్చి ఆగడం మొదటి మెట్టు, చంపడం ఆరోది. మొదటి రెండు మెట్ల కుక్కలకు ఆశ ఎక్కువ. లోతుగా కరిచి పట్టుకుని విదిలించిన నాలుగో మెట్టు దగ్గర ప్రమాదం చాలా పెరుగుతుంది. ఆ పైన బాగుచేస్తానని మాట ఇచ్చేవారిని నేనైతే నమ్మను. పరీక్షలకూ హద్దులున్నాయి. 2016లో గ్యారీ పాట్రొనెక్, జానిస్ బ్రాడ్లీ ఆశ్రమాల్లో జరిగే స్వభావ పరీక్షలను లెక్కగట్టి, అవి నాణెం ఎగరేసి చెప్పినదానికన్నా మెరుగేమీ కాదన్నారు. కొత్త చోట, ఇనుప బోనులో, ఇతర కుక్కల మొరుగుడు మధ్య ఒక గంటలో కనిపించేది ఆ కుక్క అసలు స్వభావం కాకపోవచ్చు. దాని గతచరిత్రే ఎక్కువ నమ్మదగినది.

వీధికుక్క విషయంలో ఇదంతా మరింత కష్టం. మెరిల్‌కు ఒక ఆశ్రమం, తెలిసిన మనుషులు, ఏళ్ల కాలం దొరికాయి. వీధికుక్కకు యజమాని లేడు. గతం రాసిపెట్టినవారు లేరు. అది ఒంటరిగా ఒకలా, గుంపులో మరోలా ఉంటుంది. గుంపు చేసేది ఎంత ఘోరంగా ఉంటుందో 2023 ఫిబ్రవరిలో చూశాం. హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు, తండ్రి పనిచేసే చోటనే కుక్కల దాడిలో చనిపోయాడు. అదే నెలలో సూరత్ ఖజోద్ ప్రాంతంలో కూలిపని కుటుంబానికి చెందిన రెండేళ్ల పాప కూడా అలాగే పోయింది. రెండూ పొట్టకూటికి ఊరు విడిచి వచ్చిన కుటుంబాలే. కుక్కల మీద దయ గురించి మాట్లాడేవారు ఈ రెండు ఇళ్లను మరిచి మాట్లాడకూడదు. కోపంతో చేసే పని ఇంకోవైపు ఉంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులు వేసుకున్నవాళ్లు రాత్రిపూట వచ్చి సుమారు ఇరవై కుక్కలను కాల్చి చంపారు. ఏ కుక్క ఎవరిని కరిచిందన్న విచారణ అక్కడ లేదు. అది మళ్లీ 8 అణాల కాలం.

2025లో ఈ వ్యవహారమంతా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించి, తిరిగి వదలవద్దంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది: ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, అనుమానం ఉన్నవి, దూకుడు ప్రవర్తన చూపేవి మాత్రం వదలరాదు. నవంబరు 7న మరో ఉత్తర్వులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడాప్రాంగణాల నుంచి కుక్కలను తొలగించి, మళ్లీ అక్కడ వదలవద్దని చెప్పింది. మన పాఠానికి కావలసినది ఆగస్టు 22 నాటి ఉత్తర్వులోని దూకుడు అనే మాట. ఒక కుక్క వీధికి తిరిగి వెళ్లాలా, జీవితాంతం బోనులో ఉండాలా అన్నది ఆ ఒక్క మాట మీద ఆధారపడింది. ఆ మాటకు కొలత మాత్రం ఉత్తర్వులో ఇవ్వలేదు. కొలత లేకపోతే రెండు విధాలా నష్టమే. పిల్లల్ని కాచుకున్న తల్లికుక్క బోనులో పడుతుంది, నాలుగో మెట్టు కాటు వేసిన కుక్క చెవి కత్తిరింపు గుర్తుతో మళ్లీ అదే సందులోకి వస్తుంది.

మొదట అనుకున్న వడోద్ సందుకు ఇప్పుడు వద్దాం. కరిచినవాడు ముందు గాయాన్ని పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తరువాత ఇంట్లో చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే ఫిర్యాదు కాగితం వాళ్లే రాస్తారు. సాధారణంగా ఆ కాగితంలో కుక్క కరిచింది, చర్య తీసుకోగలరు అని మాత్రమే ఉంటుంది. దానితో పాటు ఇవి కూడా రాయండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ ఇంటి ముందు. కుక్క రంగు, ఆడదా మగదా, చెవి అంచున కత్తిరింపు గుర్తు ఉందా. దగ్గరలో పిల్లలున్నాయా, ఏమైనా తింటోందా, కుంటుతోందా. ఒంటరిగా ఉందా, గుంపులో ఉందా. కరిచేముందు గుర్రుమందా. కరిచి వదిలేసిందా, పట్టుకుని విదిలించిందా. అదే కుక్క అంతకుముందు ఎవరినైనా కరిచిందా, ఎప్పుడు. పది రోజుల గడువు ముగిసి పశువైద్యుడు బోను ముందు నిలబడినప్పుడు, ఆయన ఎదుట కనిపించేది మూలకు నక్కి వణికే కుక్క లేదా ఊచల మీదికి దూకే కుక్క. ఆ కుక్క వీధిలో ఎలా ఉండేదో ఆయనకు చెప్పేది మీరు రాసిన ఆ కాగితమే.